మెట్ల గదిలో మాచర్ల బస్సు

"నేరం ఎంత తెలివైందైనా కానీ లింగయ్యా, ఏదో ఒక స్టేజీలో బస్సు దిగాల్సిందే. అది దిగే చోట నేనుంటా!"

ఈ మాట అని నాగభూషణరావు గారు టీ గ్లాసును బల్లమీద టక్కున పెట్టారు. పెట్టిన విసురుకు సగం టీ ఒలికి కేసు డైరీ తడిసింది. గొప్ప బుర్రలు ఇలాంటి చిన్న నష్టాలను పట్టించుకోవు కాబట్టి, ఆయన డైరీని లుంగీ అంచుతో తుడిచి, మీసం దువ్వి, గుమ్మానికి వేలాడుతున్న బోర్డు వైపు గర్వంగా చూసుకున్నారు.

"నాగ్ డిటెక్టివ్ ఏజెన్సీ. ఎంతటి రహస్యమైనా ఛేదించబడును. హెడ్డాఫీసు: నరసరావుపేట. బ్రాంచీలు: గురజాల, మాచర్ల (త్వరలో)" అని ఉంటుంది ఆ బోర్డు మీద. ఆ 'త్వరలో' రాయించి నాలుగేళ్ళయింది.

నాగభూషణరావు గారు ఆర్టీసీలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు పనిచేసి, చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. కిక్కిరిసిన బస్సులో టికెట్టు లేనివాణ్ణి మొహం చూసి పట్టేయగల మనిషికి దొంగలూ హంతకులూ ఒక లెక్కా అని ఆయన నమ్మకం. ఏజెన్సీ ఇప్పటిదాకా రెండు కేసులు ఛేదించింది. మొదటిది పక్కింటి సుబ్బరత్నమ్మ గారి కళ్ళజోడు మాయమైన కేసు. జోడు ఆవిడ నెత్తిమీదే ఉందని లింగయ్య చెప్పాడు. రెండోది గేదె తప్పిపోయిన కేసు. గేదెగల ఆసామిని ఎండలో నిలబెట్టి ఆయన ప్రశ్నిస్తుండగా, గేదె తనంతట తానే ఇంటికొచ్చి కుడితి తాగింది. రెండూ డైరీలో 'ఏజెన్సీ ఘనవిజయాలు' అనే శీర్షిక కింద ఎక్కాయి.

లింగయ్యది ఎదురిల్లు. అదే డిపోలో ముప్ఫై ఏళ్ళు డ్రైవరుగా చేశాడు. ఏజెన్సీలో అతను సహాయకుడు. జీతం లేదు, సెలవు లేదు, ఉద్యోగంలో ఎప్పుడు చేరాడో అతనికే గుర్తులేదు. పొద్దున్నే టీ తాగడానికి వస్తే అలా జరిగిపోయింది.

"ఈసారి ఏం పోయిందండీ?" అన్నాడు లింగయ్య, ఏమీ తెలియనట్టు.

"టికెట్ ట్రే! మొన్న నరసరావుపేట–మాచర్ల బోర్డు. నిన్న తోలుసంచి. ఈరోజు టికెట్ ట్రే. డిపోలో పాత సామాను వేలమేస్తే ముచ్చటపడి కొనుక్కున్నవి లింగయ్యా. ఒక్కొక్కటే ఎత్తకపోతన్నారు. ఇది చిల్లర దొంగతనం కాదు. దీని వెనక పెద్ద ముఠా ఉంది. కృష్ణ దాటి వస్తన్నారు!"

లింగయ్య వేడి టీ ఒక్క గుక్కలో మింగి నాలుక కాల్చుకున్నాడు. ఎందుకంటే ఆ ముఠా అతనే. కృష్ణ దాటలేదు, వీధి దాటాడు.

దొంగ ఎవరో మొదట్లోనే చెప్పేయడం డిటెక్టివ్ కథలకు మర్యాద కాదు. కానీ ఆ వీధిలో డిటెక్టివుకు తప్ప కుక్కలకు కూడా తెలిసిన సంగతిని దాచి చేసేదేముంది? అసలు జరిగింది ఇది.

నాగభూషణరావు గారి ఇంట్లో ఒక హాలు, ఒక పడకగది, వంటిల్లు ఉన్నాయి. వసారా పక్కన ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవుతో ఇంకో చిన్న గది ఉంది. పూర్వం పొలమున్న రోజుల్లో ఆ గదిలో మిరపకాయ బస్తాలు వేసేవాళ్ళు. ఇప్పుడది ఏజెన్సీ హెడ్డాఫీసు. గోడలకు ఇంకా మిరప ఘాటు ఉండటం వల్ల, అక్కడికొచ్చినవాళ్ళు తమ కష్టం చెప్పుకోకముందే కంటతడి పెట్టేవారు.

వేసవి సెలవులొచ్చాయి. మనవరాలు సాయి ప్రియకు ఈ ఆదివారంతో ఆరు నిండుతాయి, మనవడు విశాల్‌కు మూడేళ్ళు. ఇద్దరూ హాల్లో ఆడితే టీవీ పగిలింది. వీధిలో ఆడితే ఎవరో బైకు మీద దూసుకుపోతూ విశాల్ కాలివేలు తొక్కించాడు. గోరు ఊడింది. ఆ సాయంత్రమే కోడలు రోహిణి మామగారి దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగింది.

"మామయ్యా, ఆ చిన్న గది పిల్లలకిస్తారా? సున్నం వేయించి, కింద బొంత పరిచి, బొమ్మలు సర్దుతాను. కళ్ళముందు ఉంటారు, వీధిలోకి పోరు."

"హెడ్డాఫీసా!" అని నాగభూషణరావు గారు గుండె మీద చెయ్యేసుకున్నారు. "రోహిణమ్మా, ఆ గదిలో ఈ జిల్లా రహస్యాలున్నయ్యి. బొమ్మలు ఆడుకునే చోటు కాదది!"

ఆ గదిలో ఉన్నవి పాత దినపత్రికలూ ఒక పడక్కుర్చీ అని రోహిణికి తెలుసు. అయినా మారు మాట్లాడలేదు. మాట్లాడగలిగిన మనిషి అత్తగారు ఇందిరమ్మ ఒక్కరే. ఆవిడేమో ఆవకాయ పెట్టడానికి సత్తెనపల్లిలో చెల్లెలింటికి వెళ్ళారు. ఆవిడ ఊళ్ళో ఉంటే ఈ కథే లేదు. కొడుకు గోపీనాథ్ ఆదివారమైనా సరే పిడుగురాళ్ళలో పనికి పొద్దున ఆరింటికి పోతే రాత్రికి గానీ రాడు. వాళ్ళ నాన్నతో వాదించడానికి అతనికి సమయమూ లేదు, ధైర్యమూ లేదు.

సాయి ప్రియ ఏడుస్తూ వీధి దాటొచ్చి లింగయ్య గుమ్మంలో కూర్చుంది.

"లింగ తాతా, ఆడుకునే చోటు ఏ షాపులో అమ్ముతారు?"

ఆ ప్రశ్నతో లింగయ్య పని అయిపోయింది. ముప్ఫై ఏళ్ళలో అతను ఎన్ని బ్రేకులు వేశాడో గానీ, ఆ క్షణంలో నోటికి మాత్రం బ్రేకు పడలేదు. "షాపెందుకు తల్లీ, మీ మేడమీద మెట్ల గది ఉందిగా, నేను చేసిపెడతా" అనేశాడు.

డాబా మీదికెళ్ళే మెట్లకు పైన రేకులు కప్పిన చిన్న గది ఉంది. నాగభూషణరావు గారికి మోకాళ్ళ నొప్పి. పద్నాలుగు మెట్లెక్కి ఆయన పైకి రారు. అదొక్కటే ఆ గదికున్న గొప్ప సౌకర్యం. రోహిణి విరిగిన కూలరూ తుప్పుపట్టిన మంచమూ తీసేసి, నేల కడిగి, మెట్ల అంచుకు గడియతో చిన్న చెక్క తలుపు పెట్టించింది. పిల్లలు పిట్టగోడ దగ్గరకు పోకుండా డాబా వైపు తలుపుకు పైన గొళ్ళెం వేయించింది. పదునైన మూలలన్నిటికీ పాత బొంత ముక్కలు కట్టింది. పక్క వీధిలో బట్టలు కుట్టే నజీమా, మిగిలిన జాకెట్టు ముక్కలన్నీ కలిపి నాలుగు మెత్తలు కుట్టిచ్చింది.

ఇక లోపల ఏం చేయాలన్నది లింగయ్యకు వదిలారు. ముప్ఫై ఏళ్ళు స్టీరింగు పట్టిన మనిషికి గది అప్పగిస్తే ఏం చేస్తాడు? బస్సు చేశాడు. ప్లాస్టిక్ స్టూళ్ళు సీట్లయ్యాయి. సైకిల్ చక్రం స్టీరింగయ్యింది. పొడుగ్గా ఉన్న చీపురుకట్ట గేరు రాడ్డయ్యింది. బొమ్మలన్నీ సీట్లలో కూర్చుని ప్రయాణికులయ్యాయి. సాయి ప్రియ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "బాగుంది కానీ తాతా, నిజం బస్సుకు బోర్డుంటది. కండక్టరుకు సంచుంటది. టికెట్లుంటయ్యి" అంది.

అక్కడ లింగయ్య తప్పటడుగు వేశాడు. నాగభూషణరావు గారిని అడుగుదామనే మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ నోరు తెరిచేసరికి ఆయన నేరస్థుల మనస్తత్వం మీద ఉపన్యాసం ఎత్తుకున్నారు. నాలుగోసారి ఆయన కునుకు తీస్తుంటే లింగయ్య బోర్డు చంకలో పెట్టుకుని పైకెక్కేశాడు. ఇంట్లో మనిషి సొమ్ము ఇంట్లోనే ఉంది కాబట్టి ఇది దొంగతనం కాదని మెట్టు మెట్టుకూ తనకు తాను చెప్పుకున్నాడు. పద్నాలుగో మెట్టుకొచ్చేసరికి తనకే నమ్మకం కుదరలేదు.

ఆదివారం పుట్టినరోజు నాడు తాతయ్యను మెల్లగా పైకి తీసుకొచ్చి చూపిద్దామని రోహిణి అనుకుంది. దానికి సాయి ప్రియ ఒప్పుకోలేదు. ఆ పిల్ల ఒక అట్టముక్క మీద స్టాఫ్ లిస్టు రాసి గోడకు అంటించింది. డ్రైవర్ లింగ తాత. కండక్టర్ సాయి ప్రియ. క్లీనర్ విశాల్.

"మరి తాతయ్య పేరో?" అన్నాడు లింగయ్య.

"తాతయ్య గదియ్యలేదుగా" అంది సాయి ప్రియ.

లింగయ్య ఆ లిస్టును మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. ఆదివారంలోపు ఆయనకు సంగతి తెలిస్తే సామానంతా మళ్ళీ పెట్టెలోకి పోతుంది, పిల్లల బస్సు ఆగిపోతుంది, టీ గ్లాసు దగ్గర నలభయ్యేళ్ళ స్నేహం కూడా ఆగిపోతుంది. ఆయనకు తెలియకుండా ఆదివారం దాటితే, లిస్టులో ఆయన పేరు లేకుండానే బస్సు బయల్దేరుతుంది. ఏ విధంగా చూసినా లింగయ్యకు నిద్ర పట్టలేదు.

*

శుక్రవారం పొద్దున ఏడింటికి నాగభూషణరావు గారు వీధి తలుపూ దొడ్డి తలుపూ రెండూ మూసి, హాలు మధ్యలో నిలబడి చెయ్యెత్తారు.

"ఎవరూ దిగొద్దు! చెకింగ్!"

రోహిణి దోసె తిప్పే అట్లకాడతో అలాగే నిలబడిపోయింది. విశాల్ దోసె ముక్క నోట్లో పెట్టుకుని చేతులు పైకెత్తాడు. వెనకాల లింగయ్య ఎప్పటిలాగే గోడకు ఆనుకుని ఉన్నాడు.

ఆయన దర్యాప్తు పద్ధతి ఒక్కటే. బస్సును ఎలా తనిఖీ చేస్తారో ఇంటినీ అలాగే చేస్తారు. ముందు తలలు లెక్కపెట్టి, తర్వాత ఒక్కొక్కరినీ ప్రశ్నిస్తారు.

"నువ్వెక్కడెక్కావు?" అని సాయి ప్రియను గద్దించారు.

"అమ్మ కడుపులో ఎక్కా."

"ఎక్కడ దిగావు?"

"నరసరావుపేట ఆసుపత్రిలో దిగా. మధ్యలో యాడా ఆపలేదు తాతయ్యా."

ఈ జవాబును నాగభూషణరావు గారు డైరీలో రాసుకున్నారు. తర్వాత గుమ్మం దగ్గరికెళ్ళి చెప్పులు లెక్కపెట్టారు. లెక్కపెట్టి, కళ్ళు చిన్నవి చేసి, గొంతు తగ్గించారు.

"లింగయ్యా! ఇంట్లో మనుషులు నలుగురం. నేను, రోహిణి, పిల్లలిద్దరు. చెప్పులు అయిదు జతలు. ఒక ప్రయాణికుడు ఎక్కువున్నాడు!"

లింగయ్య కాలివేళ్ళు లోపలికి ముడుచుకున్నాడు. ఆ అయిదో జత అతనిదే. అతను చెప్పుల్లేకుండా ఆయనకు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు.

ఆయన కుడి చెప్పును రెండు వేళ్ళతో ఎత్తి వెలుగులో పెట్టి చూశారు. "చూశావా? కుడి చెప్పు ముందు భాగం బాగా అరిగింది. అంటే ఏంది? వీడు కుడి మునివేళ్ళ మీద నడుస్తాడు. పొంచి పొంచి నడిచే రకం. కరడుగట్టిన నేరస్థుడు!"

ముప్ఫై ఏళ్ళు యాక్సిలేటరు తొక్కితే చెప్పు అలాగే అరుగుతుందని ఏ డ్రైవరును అడిగినా చెబుతాడు. ఆ డ్రైవరును ఆయన అడగలేదు.

"మామయ్యా," అంది రోహిణి నవ్వు ఆపుకుంటూ, "ఇంట్లో అయిదుగురం ఉన్నామేమో, మళ్ళీ ఒకసారి చూడండి."

నాగభూషణరావు గారు లింగయ్యను దాటుకుని హాలంతా చూశారు. సోఫా కింద చూశారు. తలుపు వెనక చూశారు.

"నలుగురమే" అన్నారు.

"లింగయ్య బాబాయో?"

"లింగయ్యనా?" ఆయన జాలిగా నవ్వారు. "చెకింగులో డ్రైవరును లెక్కపెట్టరమ్మా. ప్యాసింజర్లనే లెక్కపెడతారు. అది రూలు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు అట్టనే చేశా."

అది నిజమే. డ్రైవరుకు టికెట్టుండదు. ఇన్‌స్పెక్టరు బస్సెక్కితే వెనక సీటు నుంచి ముందు సీటు దాకా తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చి, డ్రైవరు దగ్గరకొచ్చేసరికి ఆపేస్తాడు. లింగయ్య ముప్ఫై ఏళ్ళు ఆ ఆగిపోయే చోటులోనే కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ దాని గురించి ఆలోచించలేదు. ఈరోజు అది తనను కాపాడింది. సంతోషించాలో చిన్నబుచ్చుకోవాలో అతనికి తెలియలేదు.

చెప్పుల జత 'సాక్ష్యం నంబరు ఒకటి'గా హెడ్డాఫీసులోకి వెళ్ళిపోయింది. మే నెల ఎండలో లింగయ్య వీధి దాటుతూ ఒక్కో కాలూ మార్చి మార్చి ఎగిరాడు. అరుగు మీద కూర్చున్న సుబ్బరత్నమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఏందయ్యా లింగయ్యా, ఈ వయసులో డ్యాన్సా?"

"కాళ్ళకు మంచిదంట వదినా" అన్నాడు లింగయ్య, ఎగురుతూనే.

*

బస్సుకు ఇక ఒక్క విజిలే తక్కువ. శనివారం మధ్యాహ్నం ఆయన అన్నం తింటుండగా లింగయ్య హెడ్డాఫీసులోకి దూరి మేకుకు వేలాడుతున్న విజిల్ తీసుకున్నాడు. విజిల్ ఎర్రగా ఉంది. తుప్పనుకున్నాడు. కండువాతో తుడిచి, పైకెళ్ళి, పనిచేస్తుందో లేదోనని ఒక్కసారి గట్టిగా ఊదాడు.

మరుక్షణం అతనికి పట్టపగలు చుక్కలు కనిపించాయి. పెదవులు, నాలుక, ముక్కు, కళ్ళు వరసగా అంటుకున్నాయి. పద్నాలుగు మెట్లూ నాలుగంగల్లో దిగి వంటింట్లో పడ్డాడు. రోహిణి చెంబెడు మజ్జిగ పోసింది. మజ్జిగ తాగితే మంట చల్లారింది గానీ మూతి వాచింది.

సాయంత్రం నాగభూషణరావు గారి నుంచి కబురొచ్చింది. లింగయ్య కండువా మూతికి అడ్డం పెట్టుకుని వెళ్ళాడు.

"విజిల్ పోయింది!" ఆయన మొహం వెలిగిపోతోంది. "పోవాలనే పెట్టా! వేలిముద్రల పౌడరు ఫారిన్లో దొరుకుద్దంట. మనకాడ దొరికే పౌడరేంది? మిరప్పొడి! విజిలుకు దట్టంగా పట్టించా. ముట్టుకున్నోడి చెయ్యి మూడు రోజులు మండాల్సిందే. లింగయ్యా, ఇంక వీధిలో ఎవడు మంటతో గంతులేస్తన్నాడో చూడటమే మన పని!"

"భలే ఎత్తండీ" అన్నాడు లింగయ్య కండువాలోంచి.

"ఏందా కండువా? తియ్." తీశాడు. నాగభూషణరావు గారు దగ్గరకొచ్చి అతని మూతి కేసి చూశారు. ఆ క్షణంలో అతను నిజం చెప్పేయడానికి సిద్ధపడ్డాడు. చెప్పేస్తే ఈ బరువు దిగిపోతుందని కూడా అనిపించింది. "ఇన్‌స్పెక్టరు గారూ, అసలు సంగతేందంటే..."

"చెప్పమాక!" ఆయన చెయ్యెత్తి ఆపారు. "నేను చెప్తా. తేనెటీగ కుట్టింది!"

లింగయ్య నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. మూతి వాచినవాడికి అది పెద్ద పనే.

"మన వీధిలో తేనెపట్టు లేదు. మరి ఈగ ఎట్టా వచ్చింది? ఎవడో వెంటబెట్టుకొచ్చాడు. లింగయ్యా, దొంగ తేనె అమ్మేవాడు! కుడి మునివేళ్ళ మీద నడిచే తేనె వ్యాపారి! చిక్కుముడి విడిపోయింది!" ఆయన సహాయకుడి భుజం తట్టారు. "పాపం, నీ మూతి పోయినా కేసు నిలబెట్టావు."

లింగయ్య విజిల్‌ను కుంకుడుకాయ నురగతో ఏడుసార్లు కడిగి, తన నాలుకతోనే పరీక్షించి, అప్పుడు గానీ పిల్ల చేతికివ్వలేదు.

*

ఆదివారం వచ్చింది. సుబ్బరత్నమ్మ గారు కొత్త ఫ్రిజ్ కొన్నారు. దాని అట్టపెట్టెను బస్సుకు ఇంజనుగా ఇస్తానని మాటిచ్చారు. పొద్దున్నే లింగయ్య దాన్ని మోసుకెళ్ళి డాబా మీద పడుకోబెట్టి, సాయంత్రం కాస్త ఎండ తగ్గాక లోపలికి చేరుద్దామని ఇంటికెళ్ళాడు.

అతనికి తెలియనిదేమిటంటే, నాగభూషణరావు గారు ఆ మధ్యాహ్నం ఒక చారిత్రక నిర్ణయం తీసుకున్నారు. తేనె వ్యాపారి వీధిలో అడుగుపెట్టగానే పైనుంచి కనిపెట్టాలి. ఈ సంగతి సహాయకుడికి కూడా చెప్పకూడదు. అందరూ నిద్రపోయాక, ఒక్కో మెట్టుకు ఒక్కో దేవుణ్ణి తలుచుకుంటూ ఆయన పైకెక్కారు. మోకాళ్ళు, ఎండ, ఆయాసం మూడూ కలిసి ఆయన్ను ఎటూ చూడనివ్వలేదు. మెట్ల గదిలోని సామానును పాత కూలరూ మంచమూ అనుకుని దాటి, గొళ్ళెం తీసి డాబా మీదికొచ్చారు. ఎదురుగా పెద్ద అట్టపెట్టె ఉంది. లోపల నీడుంది. ఇంతకంటే గొప్ప మాటు ఏ డిటెక్టివుకు దొరుకుతుంది? పాకుతూ దూరి, వెనక మూత దగ్గరికి లాక్కున్నారు. నిఘా రెండు నిమిషాలు సాగింది. తర్వాత గుర్రు సాగింది.

నాలుగున్నరకు లింగయ్య పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పెట్టెకు తాడు కట్టి లాగాడు. కదల్లేదు.

"ఏందిది, పొద్దున పూలబుట్టలా ఉంది, ఇప్పుడు సిమెంటు బస్తాలా ఉంది! వదిన థర్మాకోలంతా లోపలే ఉంచినట్టుంది."

సాయి ప్రియ, విశాల్ వెనక నుంచి తోశారు. అంగుళం అంగుళం జరిపి మొత్తానికి గదిలోకి చేర్చారు. లింగయ్య నడుం పట్టుకుని డ్రైవరు సీట్లో కూలబడ్డాడు. సాయి ప్రియ తోలుసంచి భుజాన వేసుకుని, ట్రే చేతికెత్తుకుంది.

అప్పుడు ఇంజనులోంచి చప్పుడొచ్చింది. గుర్... గుర్... ఖుర్.

విశాల్ చప్పట్లు కొట్టాడు. "ఇంజను స్టార్టయింది!"

లింగయ్య సైకిల్ చక్రాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆ చప్పుడు అతనికి తెలుసు. మాచర్ల నైట్ హాల్టుల్లో, రెస్టు రూములో పక్క మంచం మీద నుంచి ఎన్నేళ్ళు విన్నాడో ఆ గుర్రు. చివర్లో వచ్చే ఆ 'ఖుర్' ఇంకెవరికీ రాదు.

"సాయమ్మా," అన్నాడు గుసగుసగా, "ఈరోజుకు బండి వద్దు తల్లీ. కిందికి పోదాం..."

కానీ కండక్టరు అప్పటికే విజిల్ నోట్లో పెట్టుకుంది. ఆ చిన్న గదిలో విజిల్ మోతకు రేకులు అదిరాయి.

విజిల్ వింటే లేవడం నాగభూషణరావు గారికి ముప్ఫయ్యొక్క ఏళ్ళ అలవాటు. పెట్టె భళ్ళున చిరిగింది. అట్టముక్కల మధ్య నుంచి చెమటతో తడిసిన బనియనూ, రేగిన జుట్టూ, పైకెత్తిన చెయ్యీ లేచాయి.

"హోల్డాన్! ఎవరూ దిగొద్దు! చెకింగ్!"

ఎవరూ దిగలేదు. ఆయన కళ్ళు నులుముకుని చూశారు. ముందు బోర్డు కనబడింది. తర్వాత సంచి, ట్రే, విజిల్. ఆ తర్వాత సైకిల్ చక్రం పట్టుకుని బిగుసుకుపోయిన లింగయ్య. నాలుగు రోజులుగా జిల్లా అంతా వెతికిన ముఠా పూర్తిగా ఒకే చోట దొరికింది.

"లింగయ్యా... నువ్వా?"

లింగయ్య లేచి నిలబడ్డాడు. "నేనేనండీ. అన్నీ నేనే తెచ్చా. పిల్లలదీ రోహిణమ్మదీ ఏం తప్పు లేదు."

"రోజూ నా పక్కనే ఉన్నావు గదయ్యా! ఇన్నిసార్లు చెక్ చేశా, ఎట్టా తప్పించుకున్నావు?"

"తప్పించుకోలేదండీ. మీరు నన్ను లెక్కపెట్టలేదు."

వెటకారానికి అన్న మాట కాదది. నోటికి వచ్చిన నిజం. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన రోహిణి మెట్ల దగ్గరే నిలబడిపోయింది.

సాయి ప్రియ ముందుకొచ్చి ట్రే చూపించింది. "టికెట్, తాతయ్యా."

"ఏందమ్మా?"

"టికెట్ లేకుండా ఎక్కావు. ఎక్కడెక్కావు?"

రోహిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాగభూషణరావు గారు మీసం సవరించుకున్నారు. "నేను స్టాఫమ్మా. స్టాఫుకు టికెట్టుండదు."

సాయి ప్రియ గోడ దగ్గరికెళ్ళి, లిస్టు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివింది. వెనక్కి తిరిగింది. ఆ పిల్ల మొహంలో కోపం లేదు. చెకింగులో తాతయ్య మొహం ఎంత నిక్కచ్చిగా ఉంటుందో అంతే నిక్కచ్చిగా ఉంది.

"లిస్టులో నీ పేరు లేదు."

ఎంతోమంది ఆయన ముందు ఇలాగే జేబులు తడుముకున్నారు. ఒక్కరినీ వదల్లేదని ఆయన గొప్పగా చెప్పుకునేవారు. ఇప్పుడు లుంగీకి జేబు లేదు, బనియనుకు జేబు లేదు. తడుముకుంటే మొలతాడుకు కట్టుకున్న హెడ్డాఫీసు తాళంచెవి ఒక్కటే చేతికి తగిలింది. చెమట కళ్ళల్లోకి కారింది. తల పైకెత్తి రేకులు చూశారు. సాయంత్రమైనా పెనంలా సెగ కక్కుతున్నాయి. విశాల్ వీపు నిండా చెమటకాయలు ఎర్రగా పొక్కి ఉన్నాయి.

"పిల్లలు ఈ ఎండలోనే ఆడుతున్నారా?"

"సాయంత్రం ఒక్క గంటే పంపిస్తున్నా మామయ్యా," అంది రోహిణి. "వేరే చోటు లేదు కదండీ."

ఆయనకు సిగ్గేసింది. ఎన్నో బస్సుల్లో తప్పు చేసినవాళ్ళ మొహాలు వెతికిన మనిషికి, ఈ కేసులో ఆ మొహం తనదేనని తెలిసిపోయింది. పాత దినపత్రికలకు నీడ ఇచ్చి, పసివాళ్ళను రేకుల కిందికి తోలారు. దీనికి భూతద్దం కూడా అక్కర్లేకపోయింది.

మొలతాడు ముడి విప్పి, తాళంచెవి టికెట్ ట్రేలో పెట్టారు. "జరిమానా కింద ఇది సరిపోద్దా, కండక్టరు గారూ?"

సాయి ప్రియ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసింది. "రసీదు కావాలా?"

"వద్దమ్మా. లింగయ్యా, ఈ డిపో పనికిరాదు. బండిని కిందికి దించు."

*

వారం తిరక్కుండా మిరపకాయల గదికి పిడుగురాళ్ళ సున్నం రెండు కోట్లు పడింది. ఘాటు పోయింది. పాత దినపత్రికలు కిలోల్లెక్కన వెళ్ళిపోయాయి. రోహిణి నేల నిండా బొంతలు పరిచి, బొమ్మలకు గోడ పొడవునా చెక్క అర పెట్టించింది. నజీమా మెత్తలు సీట్ల మీదికొచ్చాయి. ఏజెన్సీ బోర్డు తీసేసిన మేకుకు నరసరావుపేట–మాచర్ల బోర్డు తగిలించారు. దాంతో మాచర్ల బ్రాంచీ తెరుస్తామన్న మాట నిలబడినట్టేనని నాగభూషణరావు గారు అన్నారు. డైరీలో కూడా రాశారు: "మూడో ఘనవిజయం. పద్ధతి: మారువేషంలో నేరస్థుల వాహనంలోకే ప్రవేశించి, నిద్ర నటించి, గుట్టు రట్టు చేయడమైనది." సత్తెనపల్లి నుంచి ఆవకాయ జాడీతో దిగిన ఇందిరమ్మ గారు అది చదివి, "నటించారా?" అని ఒక్క మాట అడిగారు. ఆయన ఆ లైను కొట్టేశారు.

కొత్త గదిలో మొదటి ట్రిప్పు రోజు ఆయన లింగయ్య చెప్పులు కాగితంలో చుట్టి తెచ్చి డ్రైవరు సీటు కింద పెట్టారు. "సాక్ష్యం వాపసు" అన్నారు, మొహం చూడకుండా. తర్వాత గొంతు సవరించుకుని చెయ్యెత్తారు.

"చెకింగ్!"

ఈసారి వెనక సీటు నుంచి కాకుండా ముందు నుంచి మొదలుపెట్టారు. లింగయ్య తల మీద వేలు పెట్టి, "ఒకటి" అన్నారు.

"తాతయ్యా, డ్రైవరును లెక్కపెట్టరుగా?" అంది సాయి ప్రియ.

"ఇన్నేళ్ళూ తప్పు లెక్క పెట్టానమ్మా." కండక్టరు రెండు. క్లీనరు మూడు. "స్టాఫ్ ముగ్గురు. లెక్క సరిపోయింది. రైట్!"

"సరిపోలేదు" అంది సాయి ప్రియ. గోడ మీద స్టాఫ్ లిస్టు చూపించింది. మూడు పేర్ల కింద పెన్సిలుతో కొత్తగా రాసిన నాలుగో పేరు ఉంది: చెకింగ్ తాతయ్య.

"మళ్ళీ తప్పిందా?" అన్నారు నాగభూషణరావు గారు. ఆ గోడల్లో మిరప ఘాటు పోయి నాలుగు రోజులైనా, ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. లింగయ్య వెనక్కి తిరిగి చూడలేదు. నోటితోనే గట్టిగా హారన్ కొట్టి, చీపురుకట్టను మొదటి గేరులోకి తోశాడు.